పలుగూ పార మీద యుద్ధం

2024 ఆగస్టులో ఘనా నీటి సరఫరా సంస్థ కేప్ కోస్ట్ పట్నం జనానికి ఒక విన్నపం చేసుకుంది. ప్రా నది మీద సెక్యెరె హెమాంగ్ దగ్గరున్న తమ శుద్ధి కేంద్రాన్ని 2,000 యూనిట్ల మడ్డిని వడగట్టేలా కట్టారనీ, నదిలోంచి ఇప్పుడొస్తున్నది సగటున 14,000 యూనిట్లనీ, అందుచేత కుళాయి వచ్చినప్పుడే బిందెలు నింపిపెట్టుకోమనీ అందులోని సంగతి. తప్పు సంస్థది కాదు, ఆ కేంద్రానికి ప్లాను గీసిన ఇంజనీర్లది. నదిలో నీళ్లుంటాయని నమ్మి గీశారు. అంత అమాయకులకు పట్టాలు ఎవరిచ్చారో!

ప్రా ఒక్కటే కాదు. అంకోబ్రా, బిరిమ్, ఒఫిన్... దక్షిణ ఘనాలో బంగారు నేలల మీదుగా పారే ఏ నదిని చూసినా పాలు ఎక్కువై డికాషన్ తగ్గిన టీ రంగే. ఒడ్డును పెళ్లగించి, కంకర కడిగి, ఆ కడుగునీళ్లను తిరిగి నదిలోకే వదిలితే వచ్చే రంగు అది. లైసెన్సు లేకుండా సాగే ఈ తవ్వకాన్ని అక్కడ గలాంసే అంటారు. ఆ మాట చెవిన పడితే చాలు, ఘనా ప్రభుత్వాలకు పూనకం వస్తుంది. పార్టీ ఏదైనా సరే. పూనకం దిగాక చూస్తే నది ఉన్నట్టే ఉంటుంది, తవ్వేవాడు జైల్లోనో గుంటలోనో ఉంటాడు, బంగారం మాత్రం పొలిమేర దాటేసి ఉంటుంది. ఈ మొత్తం కార్యక్రమాన్ని అధికార భాషలో చిన్నతరహా గనులకు మద్దతు, నియంత్రణ అంటారు.

మద్దతు సంగతి కాసేపాగి చూద్దాం. చూడటానికి ఎక్కువ లేదు. ముందు నియంత్రణ.

2013లో అధ్యక్షుడు జాన్ మహామా మంత్రిత్వశాఖలన్నిటినీ కలిపి ఒక టాస్క్‌ఫోర్స్ వేశారు. అంతకు అయిదారేళ్ల ముందు నుంచీ చైనాలోని గ్వాంగ్‌షీ ప్రాంతం, షాంగ్లిన్ నుంచి వేలాది మంది ఘనా చేరి, పొక్లెయిన్లతో నదీ తీరాలను తిరగేస్తున్నారు. టాస్క్‌ఫోర్స్ నాలుగున్నర వేల మందికి పైగా చైనీయులను విమానం ఎక్కించింది. పొక్లెయిన్లు విమానం ఎక్కలేదు. కొత్త యజమానుల దగ్గర పనిలో చేరాయి.

2017లో నానా అకుఫో-అడో అధ్యక్షుడయ్యారు. గలాంసే అంతు చూడటానికి అవసరమైతే తన అధ్యక్ష పదవినే పణంగా పెడతానన్నారు. ఆపరేషన్ వాన్‌గార్డ్ అని పేరు పెట్టి నాలుగు వందల మంది సైనికులను, పోలీసులను పంపారు. 2021లో ఆపరేషన్ హాల్ట్. 2025లో తిరిగి అధికారంలోకి వచ్చిన మహామా నదుల కాపలాకు నీలినీళ్ల రక్షకులను నియమించారు. మడ్డి నదికి నీలినీళ్ల రక్షకులు! ఇన్నిసార్లు సొంత కూలీల మీద యుద్ధం ప్రకటించి, ఇన్నిసార్లు గెలిచి, గెలిచిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిన ప్రభుత్వాలను చూసి మనం నేర్చుకోవలసింది ఏదో ఉండే ఉంటుంది. పణం పెట్టిన పదవి ఏమైందంటారా? ఏమీ కాలేదు. 2020లో అకుఫో-అడో మళ్లీ గెలిచారు, రెండు విడతలూ నిండా ఏలి 2025 జనవరి 7న నిదానంగా దిగి వెళ్లారు.

ఈ యుద్ధాల్లో నాకు అన్నిటికంటే ముచ్చటైన ఘట్టం 2017 నాటి నిషేధం. ఆ ఏడాది వేసవిలో మొదలై 2018 డిసెంబరు దాకా చిన్నతరహా తవ్వకాలన్నీ ఆపేయమన్నారు. అన్నీ అంటే అన్నీ. లైసెన్సు లేనివాడివి మాత్రమే కాదు, అప్పోసప్పో చేసి, ఆఫీసుల చుట్టూ తిరిగి, రుసుములన్నీ కట్టి లైసెన్సు సంపాదించినవాడివి కూడా. మొదట ఆర్నెల్లన్నారు, తర్వాత పొడిగించారు, ఇంకా పొడిగించారు. చట్టాన్ని నమ్మినవాడు పలుగు గోడకు ఆనించి ఇంట్లో కూర్చున్నాడు. నమ్మనివాడు రాత్రిళ్లు తవ్వుకున్నాడు. చట్టానికి లోబడితే ఏమొస్తుందో ఒక దేశమంతటికీ ఇంత స్పష్టంగా పాఠం చెప్పిన ప్రభుత్వం మరొకటి ఉండదు. అప్పటి నుంచీ లైసెన్సు తీసుకోండర్రా అని ప్రచారం చేసే అధికారికి పల్లెల్లో మంచినీళ్లయినా ఇస్తున్నారంటే అది ఆ జనం మంచితనం.

ఇక పొక్లెయిన్ల కథ. అక్రమ తవ్వకాలను అరికట్టే మంత్రుల సంఘానికి అప్పట్లో అధ్యక్షుడు ప్రొఫెసర్ క్వాబెనా ఫ్రింపాంగ్-బోటెంగ్. పేరున్న గుండె శస్త్రచికిత్స నిపుణుడు. సైనికులు గనుల దగ్గర వందల కొద్దీ పొక్లెయిన్లు పట్టుకొచ్చి జిల్లా కేంద్రాల్లో అప్పగించారు. 2020 మొదట్లో ఆయనే బయటపెట్టారు: పట్టుకున్న యంత్రాల్లో చాలా భాగం మాయమయ్యాయి. ఒక్కోటి ఇరవై టన్నులు. సొంతంగా రోడ్డు మీద పరుగెత్తే బండి కాదది. పెద్ద ట్రాలీ లారీ ఎక్కించి తీసుకుపోవాలి. జేబులో వేసుకునే వస్తువు కాదు, కొంగున కట్టుకునేది అంతకన్నా కాదు. పసుపు రంగు, అరమైలు దూరానికి వినిపించే మోత. అలాంటివి వందల కొద్దీ ప్రభుత్వ అధీనంలోంచి, చెక్‌పోస్టులున్న రోడ్ల మీదుగా వెళ్లిపోతే చూసినవాడు ఒక్కడు లేడు. గుండె గుట్టు విప్పడం తెలిసిన సర్జన్‌కు కూడా ఈ గుట్టు అంతుబట్టలేదు.

2021లో ఈ సమస్యకు పరిష్కారం దొరికింది. పట్టుకున్న పొక్లెయిన్‌ను అక్కడికక్కడే తగలబెట్టేయడం. ఇందులోని తెలివి మెల్లగా గాని బోధపడదు. పట్టుకుంటే పోతుంది. కాలిస్తే పోదు, అక్కడే ఉంటుంది, బొగ్గై. యజమాని ఎవరని అడగనక్కర్లేదు, రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉందో వెతకనక్కర్లేదు, కోర్టులో సాక్ష్యం చూపించే తిప్పలు లేవు. నేరానికి అతి పెద్ద సాక్షి ఆ యంత్రమే. దాన్ని ప్రభుత్వమే దహనం చేస్తుంది, టీవీ వాళ్లు వచ్చి చిత్రీకరిస్తారు. ఇది చట్టవిరుద్ధం కదా అన్నవాళ్లకు, అలా అనిపిస్తే కోర్టుకు వెళ్లండని అధ్యక్షుడు సలహా ఇచ్చారు.

అదే ఏడాది ఆ గుండె డాక్టరుగారు తన అనుభవాలన్నీ ఒక నివేదికగా రాసి ప్రభుత్వానికి ఇచ్చారు. రెండేళ్ల తర్వాత, 2023లో, అది బయటికి పొక్కింది. అధికార పార్టీ మనుషులు, అధ్యక్ష భవనంతో సంబంధం ఉన్నవాళ్లు గలాంసే వెనక ఉన్నారని అందులో రాశారు. అదంతా ఆయన సొంత కడుపుమంట, చెప్పుడు మాటలు అని అధ్యక్ష కార్యాలయం కొట్టిపారేసింది. ఆరోపణలు నిజమో కాదో తేల్చే పని మనది కాదు. కానీ యుద్ధానికి పంపిన సేనాపతి తిరిగొచ్చి శత్రువు మన కోటలోనే ఉన్నాడంటే, రాజు కోట తలుపులు వెతికించాలా, సేనాపతి కడుపును పరీక్ష చేయించాలా?

ఐషా హువాంగ్ సంగతి చెప్పకపోతే ఈ కథకు నిండుదనం రాదు. అక్రమ తవ్వకాల కేసులో 2017లో అరెస్టయిన చైనా మహిళ ఆమె. విచారణ ముగియకుండానే 2018 డిసెంబరులో కేసు ఆపేసి దేశం దాటించారు. ఎందుకని 2019లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఒక సభలో అడిగితే సీనియర్ మంత్రి యా ఒసాఫో-మాఫో దాపరికం లేకుండా చెప్పారు: ఆమెను జైల్లో పెడితే ఘనా ఆర్థిక సమస్యలు తీరవు, చైనాతో మనకు రెండు వందల కోట్ల డాలర్ల ఒప్పందం ఉంది. ఇంత నిజాయితీగా మాట్లాడే మంత్రులు ఈ రోజుల్లో దొరకరు. ఆవిడ మళ్లీ ఘనాకు వచ్చారు, 2022లో మళ్లీ పట్టుబడ్డారు, 2023 డిసెంబరులో నాలుగున్నరేళ్ల జైలు, 48,000 సెడీల (సెడీ ఘనా కరెన్సీ) జరిమానా పడ్డాయి.

2019లో చేసిన చట్ట సవరణ ప్రకారం లైసెన్సు లేకుండా తవ్విన ఘనా పౌరుడికి పడే శిక్ష పదిహేనేళ్ల నుంచి పాతికేళ్ల దాకా. ఐషా హువాంగ్ నేరం సవరణకు ముందుది కాబట్టి పాత చట్టమే వర్తించింది, అందులో కోర్టు తప్పేమీ లేదు. నేరం ఎప్పుడు చేయాలో కూడా కొందరికి బాగా తెలుసనుకోవాలి. పారతో తవ్వే కుర్రాడికి ఆ ముహూర్తబలం లేదు.

సరే, అంత శిక్ష ఉన్నప్పుడు వాడు లైసెన్సు తీసుకోవచ్చు కదా అంటారు. తీసుకోవచ్చు. చట్టం చాలా ఉదారమైనది. పద్దెనిమిదేళ్లు నిండిన ఘనా పౌరుడెవడైనా పాతిక ఎకరాల లోపు జాగాకు, ఐదేళ్ల వరకు, చిన్నతరహా లైసెన్సు అడగవచ్చు. అడిగే పద్ధతి ఇది. ముందు జాగా చూసుకోవాలి. ఆ జాగాలో బంగారం ఉందో లేదో ఎవరూ చెప్పరు. పెద్ద కంపెనీ అయితే కోట్లు ఖర్చుపెట్టి బోర్లు వేసి, నమూనాలు పరీక్షకు పంపి తెలుసుకుంటుంది. నీవు మీ తాత చెప్పిన వాగు గుర్తులు పట్టుకుని వెళ్లు. ఆ జాగా అప్పటికే ఏదో కంపెనీకి అన్వేషణ కోసమో తవ్వకం కోసమో రాసిచ్చేసి ఉండకూడదు. బంగారం ఉన్న నేలలో అలా రాసివ్వని చోటు వెతుక్కోవడమే అసలు గని పని. దొరికిందనుకో, సర్వేయరుకు డబ్బిచ్చి కొలిపించి ప్లాను గీయించు. ఖనిజ కమిషన్ జిల్లా ఆఫీసులో దరఖాస్తు పెట్టు. ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని ఇరవై ఒక్క రోజులు నోటీసు అంటిస్తారు. పర్యావరణ సంస్థ పర్మిట్ వేరే. దానికి రుసుము వేరే. ఆఖరున ఫైలు రాజధాని అక్రాకు వెళ్లి మంత్రి సంతకం కోసం కూర్చుంటుంది. అది కూర్చున్నన్నాళ్లూ నీ పిల్లలు కూడా ఓపిగ్గా, అన్నం అడక్కుండా కూర్చోవాలి.

ఈ దారి చివరిదాకా నడవగలిగేది ఎవరు? అక్రాలో తెలిసినవాళ్లున్నవాడు, లాయరును పెట్టుకోగలవాడు, లక్ష డాలర్ల పొక్లెయిన్ తెప్పించగలవాడు. అంటే ఎవరిని అదుపు చేయాలని ఈ చట్టం పుట్టిందో వాడికి రాజమార్గం, ఎవరికి ఆసరా ఇవ్వాలని పుట్టిందో వాడికి గోడ. లైసెన్సు ఘనా పౌరులకే ఇవ్వాలన్న నిబంధన కూడా ఇలాంటి పుణ్యమే చేసింది. కాగితం మీద పేరు స్థానికుడిది, పెట్టుబడి ఇంకెవరిదో, పేరుకింత అద్దె. మన దగ్గర బినామీ అనే దానికి అక్కడ వేరే పేరు ఉండవచ్చు, రూపం మాత్రం ఇదే.

తవ్వకంలో ఉన్నవాళ్లేమీ పత్తిత్తులు కారు. నదికి పట్టిన గతి కళ్ల ముందుంది. పూడ్చకుండా వదిలేసిన గుంటల్లో వాననీరు నిండి పిల్లలు పడి చచ్చిపోతున్నారు. కోకో తోటలు నేలమట్టమవుతున్నాయి. కోకో రైతు తోట ఎందుకు అమ్ముకుంటున్నాడో కూడా చూడాలి. ఘనా రాజ్యాంగం, చట్టం ప్రకారం నేలలోని ఖనిజం ప్రజల తరఫున అధ్యక్షుడి సొత్తు. రైతుకు మిగిలేది పైనున్న చెట్ల పరిహారం. రేపు ఏ కంపెనీకో పర్మిట్ వస్తే అందే ఆ పరిహారం కంటే, ఇవ్వాళ పొక్లెయిన్‌తో వచ్చినవాడు చేతిలో పెట్టే రొక్కం నయం కాదా? కానీ పారా, రేకు పళ్లెమూ పట్టుకుని ఒక నదిని 14,000 యూనిట్లకు తీసుకెళ్లాలంటే ఏడు తరాలు తవ్వినా చాలదు. నదిని చంపింది యంత్రం, యంత్రం వెనకున్న డబ్బు. ప్రభుత్వం దృష్టిలో మాత్రం మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డవాడూ, నీడలో కూర్చుని లెక్కలు చూసుకునేవాడూ ఇద్దరూ గలాంసే వాళ్లే. తేడా ఒక్కటే: దాడి జరిగినప్పుడు మొదటివాడు దొరుకుతాడు.

తవ్వేవాడికి ఈ అనుమతుల గొడవ కొత్తదీ కాదు, వాడు ప్రభుత్వం కంటే కొత్తవాడూ కాదు. పోర్చుగీసువాళ్లు 1482లో ఎల్మినాలో కోట కట్టే నాటికే అకాన్ జనం బంగారు రజను తూకం వేసి బేరాలు చేస్తున్నారు. ఇత్తడితో తీర్చిదిద్దిన వాళ్ల తూకపు రాళ్లు ఇవాళ ప్రపంచ మ్యూజియాల్లో ఉన్నాయి. ఆ ప్రాంతానికి తెల్లవాళ్లు గోల్డ్ కోస్ట్ అనే పేరు పెట్టిందే వాళ్ల తవ్వకం చూసి. తర్వాత 1897లో ఒబువాసీ దగ్గర నూరు చదరపు మైళ్లు అశాంతి గోల్డ్‌ఫీల్డ్స్ అనే ఇంగ్లీషు కంపెనీ పరమైంది. ఆ నేలలో అంతకు ముందు నుంచీ తవ్వుతున్నవాడు ఆ రోజు నుంచి దొంగయ్యాడు. స్వతంత్రం 1957లో వచ్చింది. చిన్న తవ్వకాన్ని చట్టబద్ధం చేయడానికి మాత్రం 1989 దాకా పట్టింది. ముప్ఫై రెండేళ్లు! సొంత ప్రభుత్వం కదా, సొంతవాళ్ల పనే కదా, తొందరేముందనుకున్నారు.

ఆ 1989లోనే పాదరసానికీ ఒక చట్టం వచ్చింది. దాని కథ ఇంకా తమాషా. ఇంగ్లీషువాళ్లు 1930ల్లో స్థానికులు పాదరసం వాడటాన్ని నేరం చేశారు. ఆరోగ్యం మీద ప్రేమతో కాదు, కంపెనీకి పోటీ ఉండకూడదని. 1989 చట్టం లైసెన్సున్నవాళ్లు పాదరసం కొనుక్కోవచ్చంది. 2017లో పాదరసం మీద అంతర్జాతీయ మినమాటా ఒప్పందాన్ని ఘనా ఆమోదించి, చిన్న గనుల్లో పాదరసం వాడకాన్ని తగ్గించి, వీలైతే మానిపిస్తామని ప్రపంచానికి మాట ఇచ్చింది. అంటే తవ్వేవాడికి పాదరసం మొదట నిషిద్ధం, తర్వాత హక్కు, ఇప్పుడు పాపం. వాడు మాత్రం ఈ మూడు కాలాల్లోనూ చేసేది ఒకటే. వాలుబల్ల మీద తివాచీ పరిచి కంకర కడుగుతాడు. తివాచీకి పట్టిన నల్లటి మడ్డిలో పాదరసం కలిపి పిసుకుతాడు. గుడ్డలో వేసి పిండితే ముద్ద మిగులుతుంది. ఆ ముద్దను గ్యాసు మంట మీద కాల్చితే పాదరసం ఆవిరై ఊపిరితిత్తుల్లోకి, బంగారం కొనేవాడి త్రాసులోకి పోతాయి. ప్రపంచం మొత్తం మీద మనుషులు గాలిలోకి వదిలే పాదరసంలో మూడో వంతుకు పైగా ఇలాంటి చిన్న బంగారు గనుల నుంచే వస్తోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2018లో తేల్చింది.

దీనికి విరుగుడు లేక కాదు. రిటార్టు అనే మూతపాత్రలో కాలిస్తే ఆవిరి మళ్లీ పాదరసమై చేతికొస్తుంది, మళ్లీ వాడుకోవచ్చు. ఏళ్ల తరబడి దాతలు వాటిని పంచుతూనే ఉన్నారు. హోటల్ హాళ్లలో వర్క్‌షాపులు, టోపీలు, బ్యాగులు, గ్రూపు ఫొటోలు. మద్దతు అంటే ఇదే, ఇందాక కాసేపాగమన్నది. రిటార్టు ఎందుకు మూల పడుతుందో ఆ హాళ్లలో ఎవరూ అడగరు. మూతపాత్రలో ఆలస్యమవుతుంది. లోపల ఏం జరుగుతోందో పక్కనున్న వాటాదారుకు కనబడదు, కాబట్టి నమ్మడు. కొనేవాడి దుకాణంలో మంట ఎలాగూ సిద్ధంగా ఉంటుంది. రేపు సైనికులొచ్చి గుడిసె తగలబెడతారేమోనని భయపడేవాడు పదేళ్ల తర్వాత వచ్చే చేతుల వణుకు గురించి పరికరం కొనడు. ఆ నేల మీద వాడికి హక్కుంటే గదా, ఊపిరితిత్తుల లెక్క వేసుకునేది.

బంగారానికి మాత్రం ఎప్పుడూ భయం లేదు. 2019లో చిన్నతరహా బంగారం ఎగుమతి మీద మూడు శాతం పన్ను వేశారు. 2021కి వచ్చేసరికి లెక్కల్లోకి ఎక్కే చిన్నతరహా బంగారం అంతకు ముందరి ఏడాదితో పోలిస్తే పదో వంతుకు పడిపోయింది. మరుసటేడు పన్ను సగానికి తగ్గించగానే ఆరు రెట్లకు పైగా పెరిగింది. దీన్నిబట్టి తవ్వేవాళ్లు 2021లో ఏడాదంతా నిద్రపోయి 2022లో ఉలిక్కిపడి లేచారనుకోవాలి. నది మాత్రం నిద్రపోలేదు, రెండేళ్లూ ఒకే రంగులో పారింది. స్విస్‌ఎయిడ్ అనే సంస్థ 2025లో లెక్క కట్టింది: ఐదేళ్లలో ఘనా నుంచి లెక్కకు రాకుండా పోయిన బంగారం 229 టన్నులు, ఎక్కువ భాగం దుబాయ్ దారిన. సైనికులూ పోలీసులూ నది ఒడ్డున పారలు లెక్కపెడుతున్నారు. టన్నుల లెక్క చూడటానికి మనుషులు మిగల్లేదేమో.

2025లో ప్రభుత్వం మారింది, పన్ను తీసేశారు. అప్పుడు ఒక అద్భుతం జరిగింది. జనవరిలో కొత్త ప్రభుత్వం, ఏప్రిల్ మొదటికల్లా ఘనా గోల్డ్ బోర్డు చట్టం, మే 1 నుంచి స్థానిక బంగారం బేరంలోంచి విదేశీయులు బయటికి. చిన్న గనుల బంగారం ఇక బోర్డే కొంటుంది, బోర్డే ఎగుమతి చేస్తుంది. ఏడాది తిరిగేసరికి చిన్నతరహా ఎగుమతి నూరు టన్నులు దాటింది, డాలర్లు వచ్చాయి, సెడీ లేచి నిలబడింది. దీన్ని వెక్కిరించడానికి నాకు మనసు రావడం లేదు. మంచి పనే. దొంగదారిని బంగారం పోవడం కంటే ఖజానా దారిన పోవడం మేలు. నా ఆశ్చర్యమల్లా ఆ వేగం చూసి. చేతకాదనుకున్న ప్రభుత్వానికి ఇంత చేతనవునా! బంగారాన్ని కొనడానికి మూడు నెలలు. ఆ బంగారం ఏ గుంటలోంచి వచ్చిందో, ఏ నదిని తవ్వితే వచ్చిందో జాడ తీసే ఏర్పాటు మాత్రం తర్వాతి విడతలో. తవ్వినవాడి లైసెన్సు ఏ విడతలోనో ఎవరూ చెప్పలేదు. ఉదయం వాడి గుడిసె మీద దాడి చేసే ప్రభుత్వమే, మధ్యాహ్నం వాడి బంగారం దళారి చేతి మీదుగా తన బల్ల మీదికి వస్తే తూకం వేసి రొక్కం ఇస్తుంది. బంగారానికి చట్టబద్ధత కొన్ని గంటల్లో, మనిషికి ఎన్నాళ్లకో.

ఒబువాసీ గురించి వ్యంగ్యంగా రాయలేను. 2025 జనవరిలో అక్కడి ఆంగ్లోగోల్డ్ అశాంతి గని ఆవరణలో సైనికులకూ తవ్వేవాళ్లకూ ఘర్షణ జరిగి కనీసం ఏడుగురు, ఊరివాళ్ల లెక్కలో అంతకన్నా ఎక్కువ మంది చనిపోయారు. అదే ఏడాది ఆగస్టు 6న, అదే ఒబువాసీలో చిన్న తవ్వకందార్లను సహకార పద్ధతిలో చట్టం కిందికి తెచ్చే కార్యక్రమానికి వెళ్తూ సైనిక హెలికాప్టర్ కూలి రక్షణ, పర్యావరణ మంత్రులతో సహా ఎనిమిది మంది మరణించారు. ఇన్నేళ్లలో తుపాకి లేకుండా వేద్దామనుకున్న కొద్ది అడుగుల్లో అది ఒకటి.

ఇదంతా ఆఫ్రికా గొడవ, మనకెందుకని పేజీ తిప్పేవాళ్లకు ఒక మాట. ఘనా నుంచి శుద్ధి చేయని బంగారం డోరే రూపంలో మన దేశానికి నేరుగానే వస్తుంది. దుబాయ్ తిరిగి వచ్చేది వేరే. అక్షయ తృతీయ నాడు అబిడ్స్‌లోనో బెజవాడ బీసెంట్ రోడ్డులోనో కొన్న గొలుసు మీద ఆరు అక్షరాల హాల్‌మార్క్ సంఖ్య ఉంటుంది. అది స్వచ్ఛత చెబుతుంది, నగల వ్యాపారిని చెబుతుంది. గుంట చెప్పదు. తొలకరి పడగానే కర్నూలు సీమలో జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం నేల వెతుక్కుంటారు కదా, వాళ్ల మీదికి సైన్యాన్ని పంపాలని మనకు ఎప్పుడూ తోచలేదు. దొరికిన రాయికి సరైన ధర ఇప్పించాలని కూడా తోచలేదనుకోండి, అది వేరే వ్యాసం.

అక్రా పెద్దలకు నా మనవి. మళ్లీ ఏదైనా ఆపరేషన్‌కు పేరు ఆలోచిస్తుంటే కాసేపు ఆపి ఈ పనులు చూడండి. గోల్డ్ బోర్డు బంగారం కొనే ప్రతి బల్ల పక్కనా ఇంకో కుర్చీ వేసి, లైసెన్సు మీద సంతకం పెట్టే అధికారమున్న మనిషిని అందులో కూర్చోబెట్టండి. కంపెనీలకు రాసిచ్చి ఏళ్లుగా ఖాళీగా పడి ఉన్న నేలను వెనక్కి తీసుకుని, అందులో బంగారం ఎక్కడుందో మీ భూగర్భ శాస్త్రవేత్తల చేత ముందు చూపించి, తర్వాత పాతిక ఎకరాల చొప్పున పంచండి. నదికి దగ్గరలో తవ్వకూడదన్న నిబంధనను పారకూ పొక్లెయిన్‌కూ ఒకేలా పెట్టి, పొక్లెయిన్‌కు మాత్రం కచ్చితంగా అమలు చేయండి. యంత్రాన్ని కాల్చకండి, యజమానిని బోనెక్కించండి. యజమాని ఎవరో తెలియడం లేదని మాత్రం చెప్పకండి. ఘనాలో పొక్లెయిన్లు తయారు కావు. దాదాపు ప్రతి ఒక్కటీ తేమా రేవులోనో టకొరాడి రేవులోనో దిగి, సుంకం కట్టి, కొన్నవాడి పేరు మీ రికార్డుల్లో రాయించుకునే దేశంలో అడుగుపెట్టింది.